రొద వెనక లెక్క

నైన్ ఇంచ్ నెయిల్స్ పేరుతో ట్రెంట్ రెజ్నర్ 1994 మార్చిలో తెచ్చిన ‘ది డౌన్‌వర్డ్ స్పైరల్’ ఆల్బమ్ అమెరికా బిల్‌బోర్డ్ పట్టికలో నేరుగా 2వ స్థానంలో అడుగుపెట్టింది. యంత్రాల మోత, గిటార్ల గోల, కంప్యూటర్‌లో ముక్కలు చేసి అతికించిన శబ్దాలు, వీటన్నిటినీ కలిపితే ఇండస్ట్రియల్ రాక్. ఒక మనిషి మెట్టు మెట్టుగా తనను తాను నాశనం చేసుకునే కథ ఇందులోని 14 పాటలదీ. అప్పట్లో జనం నోళ్లలో నానినవి దీని బూతులూ వీడియోలూ, 1969లో నటి షారన్ టేట్ హత్యకు గురైన లాస్ ఏంజెలెస్ ఇంట్లోనే దీన్ని రికార్డు చేశారన్న సంగతీ. ముప్పయ్యేళ్లు దాటాక ఆ సంచలనం చల్లారింది. రొదను ఎక్కడ పెంచాలి, ఎక్కడ ఠక్కున ఆపాలి అన్న లెక్క మాత్రం చెక్కుచెదరలేదు. ఆల్బమ్ ఇప్పటికీ నిలబడింది దాని మీదే.

‘మార్చ్ ఆఫ్ ది పిగ్స్’ తాళమే చూడండి. మన మిశ్రచాపులా ఏడేసి లెక్కతో మూడు ఆవృతాలు, వెంటనే ఎనిమిదితో ఒకటి. తాళం వేద్దామంటే చెయ్యి తడబడుతుంది. ఆ ఉరుకంతా ఉన్నట్టుండి ఆగిపోయి, అమాయకంగా పియానో మోగుతుంది. ఇంతకన్నా గడుసు పని ‘క్లోజర్’లో ఉంది. గాయకుడు ఇగ్గీ పాప్ పాట ‘నైట్‌క్లబ్బింగ్’ నుంచి తీసుకుని మార్చిన డ్రమ్ దరువు మీద నడిచే ఆ పాట డాన్స్ క్లబ్బుల్లో మోత మోగింది. దాని చివర పియానో మీద కిందికి జారే చిన్న స్వరాల వరస వస్తుంది. కథానాయకుడు ప్రాణం తీసుకునే టైటిల్ పాటలో మళ్లీ అదే వరస! జనం చిందులేసిన పాటలోనే ఆ చావు సూచన దాగి ఉందన్నమాట.

మాటలు కుర్రతనపు ఏడుపుగొట్టు మాటలే కదా అని కొందరంటారు. కొన్ని చోట్ల నిజమే. అయితే పాడే మనిషి బీరాలు పలికేటప్పుడు సంగీతం అతనికి వంత పాడదు, అతని కాళ్ల కింద నేల కదిలిస్తుంది. 2002లో గాయకుడు జానీ క్యాష్ ఈ ఆల్బమ్ చివరి పాట ‘హర్ట్’ను గిటార్, పియానోలతో పాడి మెప్పించాడు కాబట్టి ఈ రొదంతా అనవసరమన్న వాదన ఇంకొంచెం గట్టిది. క్యాష్ గొంతులో అది ముసలితనం వెనక్కి తిరిగి చూసుకునే పాట, గొప్పగానే ఉంటుంది. ఆల్బమ్‌లో మాత్రం ఆ మెత్తదనానికి బరువు వచ్చేది ముందు విన్న 13 పాటల వల్ల. ఇక రికార్డింగుకు ఆ హత్య జరిగిన ఇంటిని ఎంచుకోవడాన్ని సమర్థించలేం, రెజ్నరే తర్వాత దాని గురించి బాధపడ్డాడు. వినదలచుకున్నవాళ్లు విడి పాటలుగా కాక, 65 నిమిషాలూ వరసగా వినండి. మొదలుపెట్టేముందు సౌండ్ కాస్త తగ్గించుకోండి.