చెప్పుకునే సిద్ధాంతము, వేసే ఓటు: గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ఓటరుపై ఒక పరిశీలన

ఉపోద్ఘాతము

ఎన్నికలు వచ్చిన ప్రతిసారి సంఘ కాపరిని రెండు ప్రశ్నలు వెంబడిస్తాయి. అభ్యర్థి మనుషులు వచ్చి "మీ సంఘంలో ఎన్ని ఓట్లు ఉన్నాయి?" అని అడుగుతారు. విశ్వాసి వచ్చి "అయ్యగారూ, ఈసారి ఎవరికి వేయమంటారు?" అని అడుగుతాడు. ఈ రెండు ప్రశ్నల వెనుక ఒకే ఊహ ఉన్నది. ఒక మనిషి ఏ గుంపుకు, ఏ భావానికి చెందినవాడో తెలిస్తే అతని ఓటు ఎటు పడుతుందో కూడా తెలిసిపోతుందన్నదే ఆ ఊహ. ఇది ఎంతవరకు నిజమో పాలమూరు దక్షిణ భాగమైన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతాల ఎన్నికలను ఆధారం చేసుకుని ఈ వ్యాసంలో పరిశీలిద్దాము. 2016 వరకు ఇవన్నీ ఒకే మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండేవి. నేడు మూడు జిల్లాలైనా నాగర్‌కర్నూల్ లోక్‌సభ స్థానము వీటిని కలిపి ఉంచుతున్నది.

మేము చెప్పదలచిన విషయము ఒక్కటే. మనిషి తనకు పెట్టుకునే రాజకీయ పేరు "నేను ఎవరి వాడిని?" అన్న ప్రశ్నకు జవాబు. ఓటు "ఇప్పుడు, ఇక్కడ మాకు అక్కరకు వచ్చేది ఎవరు?" అన్న ప్రశ్నకు జవాబు. ప్రశ్నలు రెండు గనుక జవాబులు కూడా రెండుగా ఉండవచ్చు. దీనిని కపటమని తీర్పు తీర్చే కాపరి తన సంఘాన్ని అపార్థము చేసుకుంటాడు.

1. పండితులు గమనించినది

ఈ తేడా మన ప్రాంతంలో పుట్టినది కాదు. 1964లో ఫిలిప్ కన్వర్స్ అనే అమెరికా పండితుడు ఒక ప్రసిద్ధ వ్యాసము వ్రాశాడు. రాజకీయ విషయాలన్నిటినీ ఒక సిద్ధాంతము చుట్టూ పొందికగా అమర్చుకుని ఆలోచించే ఓటర్లు బహు కొద్దిమంది అని అందులో చూపించాడు. 1967లో లాయిడ్ ఫ్రీ, హాడ్లీ కాంట్రిల్ అనే ఇద్దరు మరొక సంగతి బయటపెట్టారు. ప్రభుత్వ జోక్యము తగ్గాలని, ఎవరి కాళ్ల మీద వారు నిలబడాలని చెప్పే అమెరికన్లు అనేకులు, విద్య, వైద్యము, వృద్ధుల సహాయము అని విడివిడిగా అడిగినప్పుడు ప్రభుత్వ ఖర్చును సమర్థించారు. అనగా మాటలో ఒక సిద్ధాంతము, అవసరంలో మరొకటి.

భారతదేశ విషయానికి వస్తే, ప్రదీప్ ఛిబ్బర్, రాహుల్ వర్మ 2018లో ప్రచురించిన గ్రంథంలో ఇక్కడి ఓటరుకు సిద్ధాంతమే లేదన్న మాటను కాదన్నారు. ఐరోపాలో వలె వామపక్షము, మితవాదము అనే కొలబద్దతో చూస్తే మన ఓటరు అర్థము కాడు. సమాజాన్ని మార్చే పనిలో ప్రభుత్వము ఎంతవరకు జోక్యము చేసుకోవాలి, వెనుకబడిన వర్గాలను ఎంతవరకు గుర్తించి చోటివ్వాలి అన్న ప్రశ్నల దగ్గరే మన దేశంలో అభిప్రాయాలు చీలుతాయని వారి వాదన.

మన పల్లెల్లో వినిపించే మాటలు దీనికి దగ్గరగానే ఉన్నాయి. "మాది మొదటి నుంచి కాంగ్రెస్ ఇల్లు" అంటారు. "మేము ఎర్రజెండా వాళ్లము" అంటారు. "మేము తెలంగాణవాదులము" అంటారు. "మాకు రాజకీయాలు వద్దు సార్" అని మరికొందరు అంటారు. ఇందులో మొదటిది కుటుంబ జ్ఞాపకము, రెండవది పోరాట జ్ఞాపకము, మూడవది ప్రాంతాభిమానము, నాల్గవది దూరంగా ఉండే జాగ్రత్త. ఏదీ అబద్ధము కాదు, కాని ఏదీ ఓటుకు హామీ కూడా కాదు.

2. మన ప్రాంత ఎన్నికలు చెప్పే సాక్ష్యము

ముందుగా ఒక హెచ్చరిక అవసరము. ఫలితాల పట్టిక మొత్తము లెక్కను చూపుతుంది, ఒక్కొక్కరి మనస్సును చూపదు. అయినను గుర్తులు ఇంత త్వరగా మారుతున్నప్పుడు, సిద్ధాంతాలు అంతే త్వరగా మారవు గనుక, కొన్ని సంగతులు తేటగానే తెలుస్తాయి.

గద్వాల: 2004లో డి.కె. అరుణ ఇక్కడ సమాజ్‌వాది పార్టీ అభ్యర్థిగా గెలిచారు. అది ఉత్తర ప్రదేశ్‌లో పుట్టిన, లోహియా సోషలిజాన్ని చెప్పుకునే పార్టీ. ఆ సంవత్సరము గద్వాల ఓటర్లు సోషలిస్టులు కాలేదు, తాము ఎరిగిన నాయకురాలికి ఓటు వేశారు. 2009లోను 2014లోను ఆమె కాంగ్రెస్ అభ్యర్థిగా గెలిచారు. 2018లో ఓడిపోయి, 2019లో భారతీయ జనతా పార్టీలో చేరి, 2024లో ఆ పార్టీ తరఫున మహబూబ్‌నగర్ నుండి లోక్‌సభకు ఎన్నికయ్యారు. సోషలిజము, కాంగ్రెస్, హిందుత్వము అనే మూడు పేర్లు ఒకే రాజకీయ జీవితంలో ఇమిడిపోయాయి.

కొల్లాపూర్: జూపల్లి కృష్ణారావు 2004లో స్వతంత్రునిగా, 2009లో కాంగ్రెస్ పక్షాన, 2012 ఉప ఎన్నికలోను 2014లోను తెలంగాణ రాష్ట్ర సమితి పక్షాన గెలిచారు. ఇంతవరకు చూస్తే "పార్టీ కాదు, మనిషే ముఖ్యము" అనిపిస్తుంది. కాని 2018లో ఆయన మీద కాంగ్రెస్ అభ్యర్థి బీరం హర్షవర్ధన్ రెడ్డి గెలిచారు. తరువాత హర్షవర్ధన్ రెడ్డి అధికార పార్టీలో చేరారు, జూపల్లి కాంగ్రెస్‌కు తిరిగి వచ్చారు. 2023లో వారిద్దరే గుర్తులు తారుమారై తలపడగా మళ్లీ కాంగ్రెస్ గెలిచింది, ఈసారి జూపల్లి రూపంలో. కాబట్టి మనిషే అంతా అనలేము, గుర్తే అంతా అని కూడా అనలేము. రెండు ఎన్నికలలోను ఓడినది అధికారంలో ఉన్న పక్షమని మాత్రము చెప్పగలము.

నాగర్‌కర్నూల్: నాగం జనార్దన్ రెడ్డి తెలుగుదేశము పక్షాన అనేక పర్యాయాలు గెలిచిన నాయకుడు. తెలంగాణ ఉద్యమ కాలంలో ఆ పార్టీని విడిచి 2012 ఉప ఎన్నికలో స్వతంత్రునిగా నిలబడినప్పుడు కూడా ప్రజలు ఆయనను గెలిపించారు. 2018లో కాంగ్రెస్ పక్షాన నిలబడినప్పుడు ఓడించారు. మొదటి సందర్భంలో ఒక ప్రశ్న, అనగా ప్రత్యేక రాష్ట్రము, పార్టీ కంటె పెద్దదైనది. ఆ ప్రశ్న తీరిపోయాక అదే నాయకునికి అదే బలము మిగలలేదు.

2014 ఎన్నిక మరింత ఆలోచింపజేస్తుంది. రాష్ట్రము ఏర్పడుతున్న ఆ సంవత్సరంలో తెలంగాణ రాష్ట్ర సమితి అధికారంలోకి వచ్చింది. కాని నాగర్‌కర్నూల్ లోక్‌సభ స్థానము కాంగ్రెస్‌కు దక్కింది. దాని క్రిందనున్న ఏడు శాసనసభ స్థానాలలో గద్వాల, ఆలంపూర్, వనపర్తి, కల్వకుర్తి కాంగ్రెస్ గెలిచింది. కల్వకుర్తిలో బీజేపీ అభ్యర్థిపై తేడా 78 ఓట్లు మాత్రమే. తెలంగాణవాదులమని చెప్పుకున్నవారు ఉద్యమ పార్టీకే ఓటు వేస్తారన్న లెక్క ఇక్కడ నిలువలేదు. రాష్ట్రము ఇచ్చినది మేమేనన్న కాంగ్రెస్ మాట కూడా వారికి తెలంగాణవాదము లాగే వినిపించి ఉండవచ్చు.

ఇక 2023 డిసెంబరులో ఈ ఏడు స్థానాలలో ఐదు కాంగ్రెస్, రెండు (గద్వాల, ఆలంపూర్) భారత రాష్ట్ర సమితి గెలుచుకున్నాయి. ఐదు నెలల తరువాత, 2024 మే నెలలో, లోక్‌సభకు కాంగ్రెస్ అభ్యర్థి మల్లు రవి 4,65,072 ఓట్లతో గెలిచారు. శాసనసభ ఎన్నికలో ఇక్కడ ఒక్క స్థానము కూడా గెలువని బీజేపీ 3,70,658 ఓట్లతో రెండవ స్థానంలో నిలిచింది. బహుజన వాదంతో బీఎస్పీలో పనిచేసి, ఆ ఎన్నికకు ముందే బీఆర్ఎస్‌లో చేరిన ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ మూడవ స్థానంలో నిలిచారు. ఐదు నెలలలో లక్షల మంది సిద్ధాంతము మారదు. ఎన్నిక మారినది, దానితో పాటు ఓటరు తనను తాను అడుగుకున్న ప్రశ్న మారినది.

3. ఈ తేడా ఎందుకు వస్తుంది?

మొదటి కారణము, పార్టీల పేర్లు వేరైనా వాగ్దానాలు ఒకటే కావడము. 1983లో ఎన్.టి. రామారావు రెండు రూపాయల బియ్యము ఇచ్చారు. 2007లో వై.ఎస్. రాజశేఖర రెడ్డి ఆరోగ్యశ్రీ ప్రారంభించారు. 2018లో కె. చంద్రశేఖర రావు రైతుబంధు తెచ్చారు. 2025లో కాంగ్రెస్ ప్రభుత్వము రేషన్‌లో సన్నబియ్యము మొదలుపెట్టింది. జూరాల, నెట్టెంపాడు, భీమా, కల్వకుర్తి ఎత్తిపోతల నీళ్లను ప్రతి పార్టీ తన ఖాతాలోనే వేసుకుంటుంది. బొంబాయికి, పుణెకు వలస పోయిన పాలమూరు కూలీ కుటుంబానికి నీళ్లు, బియ్యము, పింఛను సిద్ధాంతాలు కావు, బ్రతుకుతెరువు. ఎవరు ఇచ్చినా తీసుకుంటుంది. అయితే మేలు పొందినవారు కట్టుబడి ఉంటారని కూడా అనుకోరాదు. రెండు రూపాయల బియ్యము ఇచ్చిన రామారావు గారే ముఖ్యమంత్రిగా ఉండగా 1989లో కల్వకుర్తిలో కాంగ్రెస్ అభ్యర్థి చిత్తరంజన్ దాస్ చేతిలో ఓడిపోయారు.

రెండవ కారణము, గెలుపు అంచనా. 2023లో కొల్లాపూర్‌లో "బర్రెలక్క"గా పేరు పొందిన కర్నె శిరీష నిరుద్యోగుల పక్షాన స్వతంత్ర అభ్యర్థిగా నిలబడ్డారు. రాష్ట్రమంతటా ఆమె మాట వినిపించింది. పడిన ఓట్లు 5,754. ఆమె చెప్పినది తప్పు అని ప్రజలు అనుకోలేదు. "గెలిచేవారికి వేస్తే రేపు పని అడుగవచ్చు" అన్న ఆలోచన సానుభూతిని మించినది.

మూడవ కారణము, ఒకే మనిషి మీద అనేక బంధాల లాగుడు. కులము, మతము, ఊరి పెద్ద, అప్పిచ్చినవాడు, పుట్టిల్లు, మెట్టినిల్లు, ప్రతిదీ తన వంతు లాగుతుంది. నాల్గవ కారణము, భయము. బహిరంగంగా చెప్పే మాటకు మూల్యము ఉంటుంది, రహస్యంగా వేసే ఓటుకు అంత ఉండదు. కనుక బలవంతుని ఎదుట ఊరంతా ఒకే మాట చెప్పినా ఓట్ల పెట్టెలో వేరొకటి తేలవచ్చు.

4. మన సంఘాలలోని ఓటరు

ఈ ప్రాంతపు సంఘాలలో మెన్నొనైట్ బ్రదరెన్ మిషను నాటినవి అనేకము ఉన్నాయి. పాల్ వీబ్ 1988లో మహబూబ్‌నగర్ మెన్నొనైట్ల గురించి ఒక గ్రంథమే ప్రచురించాడు. వారి పూర్వికులైన అనబాప్టిస్టులు 1527 నాటి ష్లైథైమ్ ఒప్పుకోలులో ఖడ్గానికి, అధికార పదవులకు దూరంగా ఉండాలని తీర్మానించుకున్నారు. "మాకు రాజకీయాలు వద్దు" అన్న మాటకు మన మధ్య అంత పాత వేరు ఉన్నది. కాని ఆ మాట చెప్పే విశ్వాసి కూడా వరుసలో నిలబడి వ్రేలికి సిరా పెట్టించుకుంటాడు. అతడు రాజకీయాలకు దూరంగా లేడు, రాజకీయ చర్చకు మాత్రమే దూరంగా ఉన్నాడు.

ఇంకొక బరువైన సంగతి ఉన్నది. ఈ సంఘాలలో అధికులు మాదిగ, మాల కుటుంబాల నుండి వచ్చినవారు. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు ప్రకారము హిందూ, సిక్కు, బౌద్ధ మతస్థులకే ఆ హోదా. క్రైస్తవుడైన దళితుడు మన రాష్ట్రంలో బీసీ-సి క్రింద ఒక్క శాతము రిజర్వేషన్‌లోకి వస్తాడు. నాగర్‌కర్నూల్ లోక్‌సభ, ఆలంపూర్, అచ్చంపేట శాసనసభ స్థానాలు ఎస్సీలకు రిజర్వు చేయబడినవి. అక్కడ క్రైస్తవ దళితుడు ఓటరు కాగలడు, క్రైస్తవుడనని చెప్పుకుని అభ్యర్థి కాలేడు. బాప్తిస్మము తీసుకున్న వ్యక్తి ఎస్సీ ధ్రువపత్రము కోరరాదని 2024 నవంబరులో సుప్రీంకోర్టు మరొకసారి చెప్పింది. ఇట్టి పరిస్థితిలో తాము ఎవరమో బహిరంగంగా చెప్పుకోలేని కుటుంబాలను వారి రాజకీయ భావము అడిగితే నిండు జవాబు ఎట్లా వస్తుంది?

వర్గీకరణ ప్రశ్నను చూడండి. 1994లో మొదలైన మాదిగ దండోరా కోరినదానిని 2000లో తెలుగుదేశము ప్రభుత్వము చట్టము చేసింది. 2004లో సుప్రీంకోర్టు దానిని కొట్టివేసింది. 2023 నవంబరులో మంద కృష్ణ మాదిగ ప్రధాని మోదీతో ఒకే వేదికపై నిలిచారు. 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు వర్గీకరణకు దారి తెరిచింది. 2025 ఏప్రిల్‌లో కాంగ్రెస్ ప్రభుత్వము తెలంగాణలో దానిని అమలులోకి తెచ్చింది. ఒకే కోరిక మూడు పార్టీల చేతుల మీదుగా నడిచింది. ఆదివారము ఆరాధనకు వచ్చే మాదిగ యువకుడు బీజేపీకి ఓటు వేసినా, కాంగ్రెస్‌కు వేసినా, అది అతని విశ్వాసాన్ని కొలిచే కొలత కాదు. తన పిల్లల చదువు, ఉద్యోగము గురించి అతడు వేసుకున్న లెక్క అయి ఉండవచ్చు.

5. కాపరి ఏమి చేయవలెను?

మొదట, సంఘ ఓట్లను లెక్కగట్టి ఎవరికీ మాట ఇవ్వరాదు. అవి కాపరి చేతిలో లేవు. చట్టము కూడా ఇదే చెబుతుంది. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 123వ సెక్షను ప్రకారము అభ్యర్థి గాని, అతని అనుమతితో మరొకరు గాని మతము పేరిట ఓటు అడుగడము అవినీతి చర్య. ఓటరు మతము పేరిట అడిగినా అంతేనని 2017 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టము చేసింది. ప్రార్థనా స్థలాన్ని రాజకీయ కార్యానికి వాడడాన్ని 1988 నాటి చట్టము నిషేధించింది.

రెండవది, ఎవరికి వేశావని అడుగరాదు. ఓటు రహస్యము పేదవానికి ఉన్న కొద్దిపాటి రక్షణలలో ఒకటి. ఊరి పెద్ద ఎదుట దాచుకున్నదానిని కాపరి ఎదుట చెప్పవలసి వస్తే ఆ రక్షణ పోయినట్లే.

మూడవది, విశ్వాసి "ఎవరికి వేయమంటారు?" అన్నప్పుడు పేరు చెప్పక ప్రశ్నలు నేర్పవచ్చు. నీ ఓటు వలన నీ ఇంటికి కలిగే మేలు ఏమిటి? నీ పొరుగింటికి, వేరే కులము వారికి, వేరే మతము వారికి కలిగే మేలు, కీడు ఏమిటి? డబ్బు, మద్యము తీసుకుని వేస్తున్నావా? ఈ ప్రశ్నలు చెప్పుకునే పేరును, వేసే ఓటును ఒకదాని ప్రక్కన ఒకటి పెట్టి చూసుకునే అలవాటును నేర్పుతాయి.

ముగింపు

మత్తయి సువార్త 21వ అధ్యాయంలో ఇద్దరు కుమారుల ఉపమానము ఉన్నది. ఒకడు పోనని చెప్పి తరువాత తోటకు పోయాడు, మరొకడు పోతానని చెప్పి పోలేదు. మాటకు, క్రియకు మధ్య దూరము ఉంటుందని ప్రభువు ఎరుగును. ఆయన ఆ దూరాన్ని చూపి అడిగినది తండ్రి చిత్తము నెరవేరినదా లేదా అని. మన విశ్వాసుల విషయంలోను ఏ జెండా పేరు చెప్పుకున్నారన్నది, ఏ గుర్తు మీద నొక్కారన్నది కాపరికి అంత అక్కరలేదు. ఓటు వేసి వచ్చిన తరువాత, ఓడిన పక్షము వారు, గెలిచిన పక్షము వారు ఒకే బల్ల దగ్గర రొట్టె విరువగలుగుతున్నారా అన్నది అక్కర. ఎన్నికల నెలలో మన బోధ, మన మౌనము, మన ఇంటింటి దర్శనము ఆ బల్లను కాపాడేవిగా ఉండాలి.