నయమైనవాళ్ల వీడియో పెడితేనే జనం వస్తారా?

మార్కాపురం, కంభం, గిద్దలూరు వైపు సైకాలజీ చదివి వచ్చి కౌన్సెలింగ్ సెంటర్ పెట్టాలనుకునే పిల్లలందరికీ ఇప్పుడు ఒకే సలహా అందుతోంది. "నయమైనవాళ్ల చేత రెండు నిమిషాలు మాట్లాడించండి మేడమ్, రీల్ చేసి వదులుదాం. మొహం కనపడితేనే జనం నమ్ముతారు." ఈ మాట చెప్పేది పేజీలు నడిపేవాళ్లు, ఫ్లెక్సీలు వేసేవాళ్లు. ఒక్కోసారి పెద్ద ఊళ్లలో ప్రాక్టీస్ కుదురుకున్న సీనియర్లు కూడా చెబుతున్నారు. మోకాలి ఆపరేషన్‌కి, జుట్టు మొలిపించే క్లినిక్‌కి పనికొచ్చిన పద్ధతే ఇక్కడా పనికొస్తుందని వాళ్ల లెక్క. ఆ లెక్క ఎక్కడికి తెచ్చిందో ఫోన్లలో చూస్తూనే ఉన్నాం. తన డిప్రెషన్ గురించి, మొగుడి తాగుడు గురించి, చచ్చిపోదామనుకున్న రాత్రి గురించి కెమెరా ముందు కూర్చుని చెబుతున్న ఆడపిల్లలు. కింద ఫోన్ నంబరు, 'ఈరోజే కాల్ చేయండి'.

ఎవరికీ చెప్పనని మాటిచ్చి విన్నదాన్ని బజార్లో పెట్టడానికి ప్రచారమని పేరు పెట్టుకున్నారు. దీన్ని మొదట తేల్చుకుందాం. మిగతా అపోహలు ఆ తర్వాత.

"వాళ్లే ఒప్పుకున్నారండీ" అన్నది వెంటనే వచ్చే జవాబు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లో వచ్చి, 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. అందులో 23వ సెక్షన్ మనిషికి గోప్యతను హక్కుగా ఇచ్చింది. మానసిక ఆరోగ్య సంస్థలో చికిత్స పొందుతున్న మనిషి ఫొటోగానీ వివరంగానీ ఆ మనిషి సమ్మతి లేకుండా మీడియాకు ఇవ్వకూడదని, డిజిటల్ రూపంలో దాచిన సమాచారానికీ ఇదే వర్తిస్తుందని 24వ సెక్షన్ చెబుతోంది. మా చిన్న గది ఆ చట్టం చెప్పే సంస్థ కిందికి రాదు కదా అని వాదించేవాళ్లున్నారు. సరే, చట్టం పక్కన పెట్టండి. ఆ సమ్మతి ఎలా పుట్టిందో చూడండి. నెలల తరబడి నిద్రలేని మనిషికి మీ దగ్గరికి వచ్చాక కంటినిండా నిద్ర పట్టింది. ఆమె మీకు రుణపడి ఉన్నాననుకుంటుంది. వచ్చే వారం మళ్లీ మీ ముందే కూర్చోవాలి. ఫీజు తగ్గించి ఉంటే మొహమాటం ఇంకా ఎక్కువ. అలాంటి మనిషిని "చిన్న వీడియో ఇస్తావామ్మా" అని అడిగితే కాదనగలదా? మన ఇళ్లలో చాలాసార్లు ఆ 'సరే' ఆమె నోటి నుంచి కూడా రాదు. పక్కన కూర్చున్న భర్తో, అత్తగారో "పెట్టుకోండి సార్, నలుగురికీ ఉపయోగం" అంటారు. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ తన నీతి నియమావళిలో ఈ సంగతి ఎప్పుడో తేల్చింది: ప్రస్తుతం చికిత్సలో ఉన్నవాళ్లను, ఒత్తిడికి లొంగే పరిస్థితిలో ఉన్నవాళ్లను మెప్పు మాటలు చెప్పమని అడగకూడదు. వాళ్లు ఇచ్చినా తీసుకోవచ్చా అన్నది తర్వాత సంగతి, అసలు అడగడమే తప్పు.

మొహం మసక చేస్తామంటారు. హైదరాబాద్‌లో అది కొంతవరకు నడుస్తుందేమో. ఇక్కడ గొంతు చాలు, మాట్లాడే యాస చాలు, వెనక గోడ మీద వేలాడుతున్న ఫలానా బట్టల షాపు క్యాలెండర్ చాలు. 'గిద్దలూరు దగ్గర పల్లెలో టీచరు, పెళ్లయిన రెండేళ్లకే భర్త పోయాడు' అని పేరు లేకుండా రాసినా, ఆమెను గుర్తుపట్టడానికి మండలంలో ఎవరికీ పది నిమిషాలు పట్టదు. 'నా దగ్గరికి వచ్చిన ఒక అమ్మాయి కథ' అంటూ పోస్టులు రాసేవాళ్లకూ ఇదే చెబుతున్నాను. మీరు నాలుగు కేసులు కలిపి అల్లిన కథే కావచ్చు. చదివిన నలుగురు అమ్మాయిలూ అది తమ కథేనని భయపడతారు.

ఇంకో నష్టం గురించి ఎవరూ మాట్లాడటం లేదు. డిప్రెషన్ తిరిగి రావచ్చు. తాగుడు మానినవాళ్లలో మళ్లీ మొదలుపెట్టేవాళ్లుంటారు. అది చికిత్సలో మామూలుగా ఎదురయ్యే సంగతే, దానికి దారులున్నాయి. కానీ "నేను పూర్తిగా బయటపడ్డాను" అని ఊరందరి ముందూ చెప్పిన మనిషికి మళ్లీ జబ్బు తిరగబెడితే ఏ మొహం పెట్టుకుని మీ మెట్లెక్కుతాడు? ఆ వీడియో అతనికి తలుపు మూసేసింది. మీ పేజీలో మాత్రం ఇంకా నవ్వుతూనే ఉంటాడు. పందొమ్మిదేళ్ల పిల్ల ఇచ్చిన వీడియో, ఇరవై నాలుగేళ్లప్పుడు పెళ్లిచూపులకు వచ్చినవాళ్ల ఫోన్లో తేలుతుంది. అప్పుడు మీరు తీసేసినా, ఎవరో దాచుకున్న కాపీ తిరుగుతూనే ఉంటుంది.

పోనీ, జనమన్నా వస్తారా? రారు. వ్యాపార లెక్కలోనూ ఈ సలహా తప్పే. ఆ వీడియో చూసే మనిషి ఎవరో ఆలోచించండి. నిజంగా కష్టంలో ఉండి, నంబరు వైపు చూస్తూ, చేయాలా వద్దా అని నలిగిపోతున్న మనిషి. ఆమెకు ఆ వీడియోలో మీ ప్రతిభ కనిపించదు. రేపు నా మొహం కూడా ఇలాగే పెడతారన్నదే కనిపిస్తుంది. ఫోన్ పక్కన పెట్టేస్తుంది. జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 2015–16లో 12 రాష్ట్రాల్లో జరిగింది. మన రాష్ట్రం అందులో లేదు. పెద్దవాళ్లలో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని తేలింది. సమస్యను బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదనీ తేలింది. అంటే మన కోసం ఎదురుచూస్తున్న జనం ఉన్నారు, అడుగు వేయలేకపోతున్నారు. వాళ్ల కాళ్లకు అడ్డం పడుతున్నది భయం. ఆ భయాన్ని పెంచే పని చేసి, దానికి డబ్బు కట్టి బూస్ట్ కూడా చేయిస్తున్నారు.

గూగుల్ రివ్యూల సంగతీ అంతే. ఎవరో తనంతట తాను మంచి మాట రాస్తే, "మా దగ్గరికి వచ్చినందుకు ధన్యవాదాలు" అని జవాబు పెడుతున్నారు. ఆ మనిషి మీ క్లయింటేనని మీరే సంతకం పెట్టి చెప్పినట్టయింది. తిట్టినా, మెచ్చినా జవాబు రాయకండి.

ఇక రెండో అపోహ. "పని మంచిగా చేస్తే నోటి మాటతోనే జనం వస్తారు, ప్రచారం ఎందుకు?" పెద్దమనిషి మాటలా ఉంటుంది గానీ మన వృత్తిలో ఇది చెల్లదు. కంటి ఆపరేషన్ చేయించుకున్న తాత బస్టాండులో కూర్చుని పదిమందికి డాక్టరు పేరు చెబుతాడు. మీ దగ్గర బాగుపడ్డ మనిషి మాత్రం చెప్పడు. మీరు ఎంత బాగా చేస్తే అంత నిశ్శబ్దంగా వెళ్లిపోతాడు. కాబట్టి మీ గురించి చెప్పాల్సింది మూడోవాళ్లు: పల్లెలో ఆర్‌ఎంపీ, ఆశా కార్యకర్త, ఇంటర్ కాలేజీ లెక్చరరు, విడాకుల కేసులు చూసే లాయరు, మందుల షాపు అన్న. వాళ్ల దగ్గరికి వెళ్లండి. ఎలాంటి మనిషిని పంపాలో, ఎలాంటి మనిషిని నేరుగా ఆసుపత్రికి పంపాలో ఒక్క కాగితం మీద తెలుగులో రాసి ఇవ్వండి. కమిషన్ మాట మాత్రం ఎత్తనివ్వకండి. డాక్టర్లకు 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నియమావళి దాన్ని నిషేధించింది, మనం అంతకంటే తక్కువ నీతితో బతకక్కర్లేదు. ఇంకో ఇబ్బంది ముందే చెబుతాను. పంపిన ఆర్‌ఎంపీ వారం తర్వాత "మొన్న పంపినాయన ఏమయ్యాడు మేడమ్?" అని ప్రేమగానే అడుగుతాడు. ఆ మనిషి అనుమతి లేకుండా, అతను వచ్చాడన్న సంగతి కూడా చెప్పకూడదు. పరిచయం మొదట్లోనే ఈ మాట చెప్పేస్తే తర్వాత మనస్పర్థ రాదు.

"ఊళ్లో మనిషి దగ్గరికి వెళితే ఊరంతా తెలుస్తుంది." దీన్ని అపోహల జాబితాలో వేసి కొట్టిపారేయాలని నాకూ ఉంది. కొట్టిపారేయలేను. మార్కాపురంలో మేడ మీద గదికి మెట్లెక్కుతుంటే కింద టీకొట్టు దగ్గర "ఏందన్నా ఇటొచ్చావ్?" అనే మనిషి ఒకడుంటాడు. కౌన్సెలరు పిన్నికి మీ మేనత్త తోటికోడలు అయి ఉంటుంది. అందుకే మార్కాపురం రోడ్డు స్టేషన్లో రైలెక్కి గుంటూరు వెళ్లి చూపించుకునేవాళ్లున్నారు, గిద్దలూరు నుంచి నంద్యాల వెళ్లేవాళ్లున్నారు. వాళ్ల భయం న్యాయమైనదే. దాన్ని తీసేయాల్సింది మనం. ఇద్దరు ఎదురుపడకుండా ఒక్కొక్కరికీ మధ్య పావుగంట ఖాళీ ఉంచండి. బయట కుర్చీల వరస వద్దు. రసీదు మీద, మెసేజీలో 'డిప్రెషన్' లాంటి మాట రాయకండి. ఫోన్ చేస్తే ఇంట్లో ఎవరు ఎత్తుతారో ముందే అడిగి పెట్టుకోండి. కంభం సంతలో ఎదురైతే వాళ్లు పలకరిస్తేనే మీరు పలకరించండి. ఈ సంగతులన్నీ మొదటి ఫోన్ కాల్లోనే చెప్పండి. మీకున్న అసలైన ప్రచారం ఇదే. ఏ ఏజెన్సీ దీనికి బిల్లు వేయదు.

చిన్నా చితకా అపోహలు ఇంకా ఉన్నాయి, వాటికి ఇంత చోటు అక్కర్లేదు.

హిప్నోటిజం వస్తేనే సైకాలజిస్టు అన్నది స్టేజీ ప్రదర్శనలు చూసి ఏర్పడిన నమ్మకం, అది లేకుండానే మంచి చికిత్స నడుస్తుంది. బోర్డు మీద 'మానసిక' అన్న మాట ఉంటే జనం రారని 'లైఫ్ కోచ్', 'మైండ్ హీలర్' అని రాసుకునేవాళ్లు, రావాల్సిన మనిషికి దారే కనపడకుండా చేస్తున్నారు. ఆత్మహత్యకు ప్రయత్నించినవాళ్లు కౌన్సెలింగ్‌కు వస్తే పోలీసు కేసవుతుందన్నది ప్రమాదకరమైన అబద్ధం: 2017 చట్టం 115వ సెక్షన్ ప్రకారం అలాంటి మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టుగానే చూడాలి, చికిత్స అందేలా చూడాల్సిన బాధ్యత ప్రభుత్వానిది. అన్నంలో తెలియకుండా కలిపి తాగుడు మాన్పించే పొడి గురించి ఎవరైనా అడిగితే గట్టిగా వద్దని చెప్పండి. అందులో డైసల్ఫిరామ్ లాంటి మందు ఉంటే, ఆ సంగతి తెలియక పైన సారా పోసుకున్న మనిషి ప్రాణమే పోవచ్చు.

'నూటికి నూరు శాతం గ్యారంటీ' అని ఫ్లెక్సీ మీద వేయించేవాళ్లకు మాత్రం ఒక్క వాక్యం సరిపోదు. 1954 నాటి మందులు, మాయ చికిత్సల అభ్యంతరకర ప్రకటనల చట్టం ఇంకా బతికే ఉంది. పిచ్చి, హిస్టీరియా, మూర్ఛ, మెదడు జబ్బులు దాని జాబితాలో ఉన్నాయి. వాటిని నయం చేస్తామని మందుల మీద ప్రకటన ఇవ్వకూడదు, తాయెత్తు, మంత్రం, కవచం మీదా ఇవ్వకూడదు. మొదటిసారి శిక్ష పడితే ఆరు నెలల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. మాటలతో చేసే చికిత్సకు ఈ చట్టం ఎంతవరకు తగులుతుందో లాయర్లు తేల్చుకుంటారు. గ్యారంటీ ఇచ్చినవాడు నాలుగో వారానికి ఏం చెబుతాడన్నదే నా ప్రశ్న. మనసు సంగతిలో గ్యారంటీ ఇచ్చే మనిషికి ఆ పని తెలియదని అర్థం.

మరి ఏం చేయాలి? డాక్టర్లు ఏం ప్రకటించుకోవచ్చో ఆ 2002 నియమావళిలో చిన్న జాబితా ఉంది: ప్రాక్టీస్ మొదలుపెట్టడం, మారడం, చిరునామా మారడం, కొన్నాళ్లు ఉండకపోవడం, తిరిగి రావడం, ఫీజు వివరాలు, ఇలాంటివే. ఇంతేనా అనిపిస్తుంది గానీ వచ్చే మనిషికి కావాల్సింది అదే. మీ బోర్డు మీద పేరు, చదువు, ఫీజు, సమయాలు రాయండి. క్లినికల్ సైకాలజిస్టు అయితే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ నంబరు వేయండి. కాకపోతే ఆ పేరు వాడకండి, కౌన్సెలర్ అని రాసుకోండి. 'మందులు రాయము' అని కూడా రాయండి. మందులు కావాల్సినవాళ్లను ఒంగోలు ప్రభుత్వ ఆసుపత్రి సైకియాట్రీ విభాగానికో, దగ్గరలోని సైకియాట్రిస్టుకో పంపుతామని చెప్పండి. పరిమితి చెప్పుకున్న మనిషిని మన జనం నమ్ముతారు.

మాట్లాడాలని ఉంటే మీరే మాట్లాడండి, జబ్బు గురించి, మీ మొహంతో. ఆంధ్రప్రభ వారపత్రికలో మాలతీ చందూర్ 'ప్రమదావనం' శీర్షికను దశాబ్దాల పాటు నడిపారు. ఇంట్లో చెప్పుకోలేని సంగతులు ఆడవాళ్లు ఆమెకు ఉత్తరాల్లో రాసుకునేవాళ్లు. విజయవాడ డాక్టర్ గోపరాజు సమరం పత్రికల్లో ఏళ్ల తరబడి ఆరోగ్య సందేహాలకు జవాబులిచ్చారు. ఆ ఉత్తరాలు రాసినవాళ్ల మొహాలు ఏ పాఠకుడూ చూడలేదు. నమ్మకం జవాబులోంచి పుట్టింది. మీరూ అలాంటి జవాబులివ్వండి. పరీక్షల ముందు పిల్లవాడికి ఊపిరాడనట్టు ఎందుకుంటుంది? కాన్పయిన తల్లి రెండు వారాలు దాటినా ఏడుస్తుంటే ఎవరికి చూపించాలి? రోజూ బాగా తాగే మనిషి ఒక్కసారిగా మానేస్తే రెండు మూడు రోజుల్లో చేతులు వణకడం, ఫిట్స్, మతి తప్పడం రావచ్చని, అప్పుడు కౌన్సెలింగ్ కంటే ముందు ఆసుపత్రి కావాలని ఒక్క వీడియో చేస్తే, వలస వెళ్లి పండక్కి ఇంటికొచ్చిన ఎన్ని కుటుంబాలకు పనికొస్తుందో ఊహించండి.

అన్నట్టు, టెలిమానస్ నంబరు 14416. 2022 అక్టోబరు 10న మొదలైన ఉచిత ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. ఉచితంగా దొరుకుతుందని తెలిస్తే నా దగ్గరికి ఎవరొస్తారని ఆ నంబరు దాచేవాళ్లున్నారు. అర్ధరాత్రి రెండు గంటలకు మీరు ఫోన్ ఎత్తలేరు కదా. మీ బోర్డు మీద మీ నంబరు కిందే దాన్ని పెద్ద అక్షరాల్లో రాయించండి.

ఇప్పటికే వీడియోలు పెట్టినవాళ్లు ఈ వారమే తీసేయండి. పేజీలోంచి తీసేస్తే సరిపోదు. ఏజెన్సీవాళ్ల దగ్గరున్న అసలు ఫుటేజీ తెప్పించి చెరిపించండి, వాట్సాప్ స్టేటస్‌కు, కేబుల్ టీవీకి ఇచ్చినవి వెనక్కి అడగండి. ఆ తర్వాత వీడియోలో ఉన్న ఒక్కొక్కరికీ ఫోన్ చేసి తీసేశామని చెప్పండి. ఎందుకని అడిగితే, అడగకూడనిది అడిగామని చెప్పి క్షమాపణ అడగండి. వాళ్లలో ఎవరికైనా ఈ మధ్య మళ్లీ బాగోలేకపోతే, ఆ ఫోన్లోనే చెబుతారు. అప్పుడు అపాయింట్‌మెంట్ ఇవ్వండి.