పిల్లలే పంతుళ్ళయితే

మీ ఇంట్లో డిగ్రీయో, ఇంజనీరింగో మొదటి సంవత్సరం చదువుతూన్న పిల్లలెవరైనా ఉన్నారా? ఉంటే, కాలేజీ తెరిచిన రెండు మూడు నెలల్లో ఏదో ఒక రాత్రి కంచం ముందు కూర్చుని, "అమ్మా, ఈ ప్రోగ్రామింగు నా బుర్రకెక్కదే" అన్నమాట మీరు వినే ఉంటారు. లెక్కల్లో నూటికి తొంభై తెచ్చుకున్నవాళ్ళే అంటారు ఆ మాట. ఇక తెలుగు మీడియంలో చదివి వచ్చినవాళ్ళ సంగతి చెప్పనే అక్కర్లేదు. పాఠం ఇంగ్లీషులో, పుస్తకం ఇంగ్లీషులో, తప్పు చేస్తే కంప్యూటరు పెట్టే చీవాట్లూ ఇంగ్లీషులోనే! క్లాసు నిండా పిల్లలు. లేచి అడగాలంటే సిగ్గు. బయట నేర్పిద్దామంటే ఫీజులు వేలల్లో ఉన్నాయి.

మా పక్క వాటాలో అమ్మాయి ఇలాగే చదువు మానేస్తానని కూర్చుంది. తండ్రి కిరాణా కొట్లో గుమాస్తా. ఏడుపు విని వెళ్ళాను గాని, పదో తరగతితో ఆగినదాన్ని, కంప్యూటరు మీద దుమ్ము తుడవడం తప్ప నాకేం తెలుసు? అదే కాలేజీలో రెండో సంవత్సరం చదివే పిల్ల మా వీధి చివర ఉంది. పిలుచుకొచ్చి ఇద్దర్నీ మా వసారాలో కూర్చోబెట్టాను.

చిన్నపిల్ల పైథాన్ అనే భాషలో రెండంకెలు కూడే ప్రోగ్రాము రాసుకొచ్చింది. 2, 3 ఇస్తే 5 రావాలి గదా, 23 వచ్చింది! పెద్దపిల్ల పకపకా నవ్వి, "పోయినేడు నేనూ ఈ గోతిలోనే పడ్డానే" అంది. సంగతేమిటంటే, మనం టైపు చేసినదాన్ని ఇన్‌పుట్ అనే ఆదేశం అంకెగా కాకుండా అక్షరాలుగా పుచ్చుకుంటుందట. అక్షరాల మధ్య కూడిక గుర్తు పెడితే, పూలు గుచ్చినట్టు ఒకదాని పక్కన ఒకటి చేరుస్తుంది. ముందు ఇంట్ అనే మాటతో దాన్ని అంకెగా మార్చుకోవాలి. అయిదు నిమిషాల్లో తేలిపోయింది. నాకు కూడా అర్థమయిందంటే చూసుకోండి!

పాతికేళ్ళుగా పాఠం చెప్పే మాస్టారికి ఆ 23 ఎందుకొచ్చిందో తెలియదని కాదు. తాను పడ్డ గొయ్యి ఆయనకి ఎప్పుడో పూడిపోయింది. నిన్ననే పడి లేచినవాళ్ళకి గాయం ఇంకా పచ్చిగా ఉంటుంది, ఎక్కడ కాలు జారుతుందో చెప్పగలరు.

ఇదేమీ కొత్త కాదండీ. మన వీధి బళ్ళలో పంతులుగారు పెద్ద పిల్లలకి చెప్తే, వాళ్ళు చిన్న పిల్లల చేత ఇసకలో దిద్దించేవారు. 1789లో మద్రాసు ఎగ్మూరులోని అనాథ బాలుర శాలకి అధికారిగా వచ్చిన ఆండ్రూ బెల్ అనే దొర, ఇలాంటి బడిలో పిల్లలు ఇసకలో రాసుకోవడం చూసి ముచ్చటపడ్డాడు. తన కింది ఉపాధ్యాయులు అలా నేర్పడానికి ఒప్పుకోకపోతే, ఎనిమిదేళ్ళ కుర్రవాడి చేత చిన్నపిల్లలకి అక్షరాలు చెప్పించాడు. 1797లో లండనులో పుస్తకం కూడా అచ్చువేశాడు. ఇంగ్లండులో దానికి మద్రాసు పద్ధతి అనే పేరొచ్చింది.

1823లో బళ్ళారి కలెక్టరు క్యాంప్‌బెల్, తెలుగు వ్యాకరణం రాసిన ఆయనే, తన జిల్లాలోని 533 బళ్ళ గురించి ప్రభుత్వానికి నివేదిక పంపాడు. వాటిలో 226 తెలుగు బళ్ళు. పెద్ద పిల్లలు చిన్నవాళ్ళకి చెప్తూ తమ చదువు గట్టిపరచుకోవడం ఎంతో మెచ్చదగిందని అందులో రాశాడు. ఆ కాగితంలోనే ఇంకోటీ రాశాడు: పిల్లలు పద్యాలు గడగడా అప్పగిస్తారు గాని, అర్థం చిలకకి తెలిసినంతే తెలుసునని. ఈ రెండో మాట మా వసారాలో కూడా నిజమయింది.

ఎలాగంటారా? రెండో నెలకి తొమ్మిది మంది పోగయ్యారు, చెప్పేవాళ్ళు ముగ్గురు. ల్యాబు రికార్డు ఇవ్వాల్సిన ముందు రోజు రాత్రి, "పాపం, పొద్దుపోతోందర్రా, రాసిచ్చెయ్యండి" అని నేనే తొందరపెట్టాను. ప్రోగ్రాములన్నీ పెద్దవాళ్ళు రాస్తే చిన్నవాళ్ళు ఎత్తిరాసుకున్నారు. వైవాలో "ఈ వరస ఎందుకు రాశావు?" అంటే మా పక్కింటి పిల్ల నోరు మెదపలేదట. ఇంటికొచ్చి నాతో మాట్లాడలేదు. ఈ రోజుల్లో ఫోనులో అడిగితే ప్రోగ్రాము మొత్తం రాసిచ్చే సాధనాలూ ఉన్నాయి. వాటితో ఎత్తిరాసుకున్నా వైవాలో అదే గతి.

అప్పటినుంచి మా దగ్గర ఒకటే కట్టుబాటు. చెప్పేవాళ్ళు కీబోర్డు ముట్టుకోకూడదు. చెయ్యి ఊరుకోకపోతే వెనక్కి కట్టుకోవాలి. "ఈ వరస అయ్యాక ఈ పెట్టెలో ఎంత ఉంటుంది?" అని అడగాలి, నేర్చుకునేవాళ్ళు కాగితం మీద గళ్ళు గీసి ఒక్కొక్క వరసకీ విలువ రాయాలి. నడుస్తూన్న ప్రోగ్రామునైనా సరే, ఎందుకు నడిచిందో చెప్పమనాలి. ఇలా చేస్తే గంటలో ఒక్క ప్రోగ్రామే అవుతుంది. అవనివ్వండి.

చుక్కల త్రికోణం అచ్చువేసే ప్రోగ్రాము దగ్గర అందరూ ఆగిపోయారు. ఒక లూపులో ఇంకో లూపు ఉంటుందట అందులో. నేను కాఫీ ఇవ్వడానికి వెళ్ళి, "ఏడు చుక్కలు, ఒకటి వచ్చేదాకా అని ముగ్గు పెట్టమా? వరస మారడం బయటి లూపు, ఆ వరసలో చుక్కలు పెట్టుకుపోవడం లోపలి లూపు, అంతేనా?" అన్నాను. "పిన్నిగారూ, మీరూ వచ్చి కూర్చోండి" అన్నారు. నేను కూర్చోలేదనుకోండి. పెద్దవాళ్ళం కూర్చుంటే పిల్లలు అడగవలసిన పిచ్చి ప్రశ్నలు అడగరు.

మీరు మొదలుపెట్టాలంటే పెద్ద హంగేమీ అక్కర్లేదు. చెప్పేవాళ్ళు ఒకరికి ముగ్గురు మించి వద్దు. ఇద్దరికి ఒక కంప్యూటరు చాలు. ఒకరు టైపు చేస్తే ఒకరు చూస్తూ చెప్పాలి, పావుగంటకోసారి మారాలి. వసారా లేకపోతే గ్రంథాలయం, లేదా కాలేజీ వదిలాక లెక్చరరుగారి అనుమతితో ల్యాబు. ఆడపిల్లలుంటే తలుపులు తెరిచి ఉంచి, ఏడు దాటకుండా పంపెయ్యండి. ఎవరికీ తెలియని ప్రశ్నలకి ఒక పుస్తకం పెట్టండి, సోమవారం నాడు లెక్చరరుగారికి చూపించవచ్చు. చెప్పేవాళ్ళ పరీక్షలప్పుడు సెలవివ్వండి, వాళ్ళూ చదువుకునే పిల్లలే.

డబ్బు మాత్రం రానివ్వకండి. ఒక తండ్రిగారు నెలకి అయిదువందలు ఇస్తానన్నారు. వద్దన్నాను. ఇవాళ పుచ్చుకుంటే రేపు ఆయన మార్కులడుగుతారు, ఇవ్వలేని గుమాస్తాగారి కూతురు గుమ్మం దగ్గరే ఆగిపోతుంది.

ఆ గుమాస్తాగారి కూతురే ఈ ఏడు చెప్పేవాళ్ళలో ఉంది. రెండో సంవత్సరంలో కొచ్చింది మరి. మీ వీధిలోనూ ఇలాంటి పిల్లలుంటారు, కనుక్కోండి. కాలేజీ తెరిచిన మూడో వారానికల్లా మొదలుపెట్టండి. మొదటి పరీక్ష తప్పాక పిలిస్తే సిగ్గుతో రారు.