విమానం తోకకు మూలమట్టం

విమానానికి రెక్కలు ముఖ్యమంటే అందరూ ఒప్పుకుంటారు. ఇంజను ముఖ్యమన్నా ఒప్పుకుంటారు. తోక ముఖ్యమంటే మాత్రం “తోకేగా!” అని నవ్వి ఊరుకుంటారు. గాలిపటం ఎగరవేసే పిల్లవాడు అలా అనడు. తోక సరిగా లేని పటం గిరికీలు కొట్టి ఎవరి పెంకుటింటి మీదనో పడుతుందని వాడికి తెలుసు.

ఇంటి దగ్గర విమానం కట్టుకోవడమేమిటని పాఠకులలో కొందరికి వింతగా తోచవచ్చు. అమెరికాలో ఇది బాగా వేళ్ళూనిన ముచ్చట. ఆరెగాన్ రాష్ట్రంలోని వ్యాన్స్ అనే కంపెనీ 1973లో పుట్టింది. రేకులు, బద్దలు, రివెట్లు, పటాలు పెట్టెలలో పెట్టి పంపుతుంది. కొన్నవారు కారు షెడ్డులో కూర్చుని ఏళ్ళ తరబడి విమానం కట్టుకుంటారు. ఆర్.వి. అనే పేరు గల ఈ విమానాలు 11,000కు పైగా గాలిలోకి లేచాయి. దూరమెందుకు, మన రాష్ట్రంలోనే బెంగుళూరులో 1980లో మొదలైన రాజ్‌హంస సంస్థ ఎక్స్-ఎయిర్ అనే చిన్న విమానాన్ని విడి భాగాలుగా తయారుచేసి విదేశాలకు పంపింది. అల్యూమినియం గొట్టాలు, పైన గట్టి గుడ్డ, అంతే. బ్రిటన్‌లో ఎందరో వాటిని తెప్పించుకుని బిగించుకున్నారు. బొంబాయిలో అమోల్ యాదవ్ అనే పైలట్ తమ ఇంటి మేడమీదనే ఆరుగురు కూర్చునే విమానం కట్టి 2016లో ప్రదర్శనకు పెట్టారు. కట్టడం ఒక ఎత్తు, దానికి అనుమతులు సంపాదించడం ఒక ఎత్తు. 2017లో రిజిస్ట్రేషన్, 2019లో ఎగరడానికి అనుమతి వచ్చాయి.

మా సంఘ సభ్యులలో కొందరి పిల్లలు అమెరికాలో ఉద్యోగాలు చేస్తూ ఇలాంటి విమానాల మీద మోజు పడుతున్నారని వింటున్నాము. వద్దనడం మా ఉద్దేశం కాదు. వద్దంటే మానేవారూ కారు. తల్లిదండ్రులు ఫోనులో “అన్నం తిన్నావా?” అని అడిగిన తరువాత “తోక ఎలా కొలిచావు, నీ కొలత ఎవరు సరిచూచారు?” అని కూడా అడగగలిగితే బాగుంటుందని ఈ నాలుగు ముక్కలు వ్రాస్తున్నాము.

ఆర్.వి. కట్టేవారు సామాన్యంగా తోకతోనే మొదలుపెడతారు. అది చిన్నది, ఖర్చు తక్కువ, చెయ్యి తిరిగేది అక్కడే. కాని చిన్నది గదా అని చులకన చేయడానికి లేదు. విమానం బరువును రెక్కలు పైకెత్తే చోటుకు కొంచెం ముందుగా పడేటట్లు అమరుస్తారు. దానితో ముక్కు క్రిందికి వాలబోతుంది. వెనుక ఉన్న అడ్డతోక క్రిందికి నొక్కి దానిని నిలబెడుతుంది. సింధనూరు, మాన్వి వైపు బియ్యం మిల్లులలో కాటా చూచినవారికి ఇది చెప్పనక్కరలేదు. దండె చివర చిన్న గుండు పెద్ద బస్తాతో సరితూగుతుంది. తోక అంత దూరాన ఉండడం వల్లనే దానికి ఆ బలం. తోకలో జరిగిన చిన్న తప్పుకు కూడా అంత బలమూ ఉంటుంది.

ఇంత సున్నితమైన పనికి వాడే పనిముట్లు చూస్తే మాత్రం ఆశ్చర్యం వేస్తుంది. అన్నీ మన తాపీమేస్త్రి సంచిలో ఉన్నవే: రసమట్టం, మూలమట్టం, దారానికి కట్టిన గుండు, నీళ్ళు నింపిన సన్న గొట్టం, టేపు.

ముందు విమానపు మొండెాన్ని బల్లల మీద కదలకుండా నిలిపి పొడవునా, అడ్డంగానూ మట్టం చేస్తారు. ముక్కు నుంచీ తోక నుంచీ గుండ్లు వేలాడదీసి నేలమీద నడిమి గీత కొడతారు. అడ్డతోకను దాని చోట ఉంచి, రెండు కొసలూ ఒకే ఎత్తున ఉన్నాయా అని నీళ్ళ గొట్టంతో చూస్తారు. రెక్కకూ తోకకూ మధ్య ఉండవలసిన వాలును పటంలో ఇస్తారు. అది కూడా ఇక్కడే చూచుకోవాలి. ఆ పైన అసలు పరీక్ష. మొండెం ముందు భాగాన నడిమి గీత మీద ఒక బిందువు గుర్తుపెట్టి, అక్కడినుంచి తోక కుడి కొసకు, ఎడమ కొసకు టేపు పట్టి చూస్తారు. రెండూ సమానమైతే తోక సూటిగా ఉన్నట్లు. పదహారవ వంతు అంగుళం తేడా వచ్చినా మంచి పనివాడు విప్పి మళ్ళీ అమరుస్తాడు. నిలువుతోక సంగతీ ఇంతే. దాని శిఖరం నుంచి అడ్డతోక రెండు కొసలకూ దూరం సమంగా ఉండాలి.

అయితే ఒక చిక్కున్నది. నిలువుతోక అన్ని విమానాలలోనూ నడిమి గీత మీదనే ఉండదు. ముందున్న పంకా త్రిప్పివేసిన గాలి మొండెం చుట్టూ మెలికలు తిరుగుతూ వచ్చి తోకను ఒక పక్క కొడుతుంది. ముక్కు ఎడమకు పోతుంది. దానికి విరుగుడుగా కొన్ని నమూనాలలో నిలువుతోక ముందంచును పావు అంగుళం ఎడమకు జరుపుతారు. మూడడుగుల తోకకు అది సుమారు 0.4 డిగ్రీ మాత్రమే. చూపుకు ఆనదు. పటం చదవకుండా “వంకరగా ఉన్నదే!” అని దిద్దబోయే ఉత్సాహవంతులు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. వారిని షెడ్డులోకి రానివ్వకపోవడం మంచిది.

కొలతలన్నీ కుదిరిన తరువాతనే బెజ్జాలు. బిగింపులు వేసి, మళ్ళీ కొలిచి, సన్న డ్రిల్లుతో ఒకటి వేసి, మరల కొలిచి, అప్పుడు రెండవది. బెజ్జం నడిమి నుంచి రేకు అంచుకు, బెజ్జం వ్యాసానికి రెండింతలైనా దూరముండాలి. లేకపోతే లోహం అక్కడ చిరుగుతుంది. ఆఫీసు కాగితం మీద అంకె తప్పితే కొట్టివేసి పక్కన పొట్టి సంతకం పెడతాము. బెజ్జానికి ఆ సౌకర్యం లేదు.

మన రాయచూరు ఎండలు ఎరిగినవారికి ఇంకొక మాట. మూడు మీటర్ల అల్యూమినియం ముక్క 20 డిగ్రీల వేడి హెచ్చితే సుమారు 1.4 మిల్లీమీటర్లు సాగుతుంది. పైన చెప్పిన పదహారవ వంతు అంగుళానికి అది ఇంచుమించు సమానం. సగం ఎండలో, సగం నీడలో ఉన్న తోకను కొలిస్తే టేపు నిజమే చెబుతుంది, తోకే అబద్ధమాడుతుంది. అందుకే ఈ పని తెల్లవారుజామున చేసుకోవడం మేలు.

సరిచూడడం మాట ఎత్తాము గనుక ఒక విషాద సంఘటన చెప్పక తప్పదు. 2003 జనవరి 8వ తేదీన అమెరికాలోని షార్లెట్ నగరంలో ఎయిర్ మిడ్‌వెస్ట్ వారి చిన్న ప్రయాణికుల విమానం లేచిన కొద్ది సేపటికే కూలి, అందులోని 21 మందీ చనిపోయారు. అది ఇంటి దగ్గర కట్టినది కాదు, కంపెనీ విమానమే. రెండు రోజుల ముందు దాని ఎలివేటరు తీగలను బిగింపు మరలతో సరిచేశారు. ఆ పని నేర్చుకుంటున్న మెకానిక్కు కొన్ని మెట్లు వదిలివేయగా, నేర్పుతున్నవాడు సరేనన్నాడు. ఆ నేర్పుతున్నవాడే తనిఖీదారు కూడా. తీగలు తప్పుగా కుదిరి, ముక్కును దించడానికి ఎలివేటరుకు ఉండవలసిన కదలిక చాలా తగ్గిపోయింది. కొన్ని ప్రయాణాలు బాగానే జరిగాయి. ఆ రోజున బరువు ఎక్కువై, అదీ వెనుక వైపు ఎక్కువై, ముక్కు పైకి లేచిపోయినప్పుడు దించడానికి పైలట్ల చేతిలో ఏమీ మిగలలేదు.

చిట్టా వ్రాసినవాడూ, దానిని వోచర్లతో సరిచూచినవాడూ ఒకరే కాకూడదన్నది మా వంటి గుమాస్తాలకు మొదటి నెలలోనే నేర్పే పాఠం. అక్కడ పోయేది డబ్బు. ఇక్కడ సంగతి వేరు. అందువల్ల పరాయి కన్ను తప్పనిసరి అని మేము గట్టిగా చెబుతాము. ఆయా దేశాలలో తనిఖీదారులున్నారు. వారు రాకముందు విమానం కట్టిన అనుభవమున్న స్నేహితుని పిలిచి, అతని టేపుతో, అతని చేత మొదటి నుంచీ కొలిపించాలి. మన అంకెలు ముందుగా అతనికి చూపకూడదు. చూపితే అవే అతని టేపు మీదా కనిపిస్తాయి. మానవ స్వభావం అది.

చివరి పరీక్ష చాలా సులువైనది. ఒకరు లోపల కూర్చుని కర్రను వెనక్కు లాగాలి. ఇంకొకరు తోక వెనుక నిలబడి ఎలివేటరు వెనుక అంచు పైకి లేచిందని బిగ్గరగా చెప్పాలి. కర్రను ముందుకు నెడితే అది దిగాలి. కుడి కాలు నొక్కితే చుక్కాని కుడికి తిరగాలి. ఏ వైపుకు ఎన్ని డిగ్రీలు కదిలిందో కొలిచి, పటంలోని అంకె పక్కన వ్రాసి, తోక వెనుక నిలబడినవారి చేత సంతకం చేయించుకోవాలి.