జిన్ను అను మాట

కోసిగి రైలు స్టేషనులో ఆదోని వైపు పోవు బండికై కూర్చుండిన యొక చిన్నది తన యవ్వను ఇట్లడుగుచుండగా వింటిని: “అవ్వా, ఆదోనిలో జిన్నులుంటాయంట గదా, నీకు భయం లేదా?” అవ్వ నవ్వి, “ఉంటాయే పాపా. అవి పత్తిని తింటాయి గాని మనుషుల్ని తినవులే” అనెను. పాప తలచినది కథలలోని జిన్ను. అవ్వ తలచినది పత్తి ఫ్యాక్టరీలోని యంత్రము. అవ్వ చెప్పిన మాటలో మొదటి సగము నిజమే. రెండవ సగమును గూర్చి ముందు చెప్పెదను.

తెలుగు లిపిలో నొకే తీరున వ్రాయబడు జిన్నులు మూడు కలవు. భూతము పేరు అరబ్బీ మాట. సీసాలలో నమ్ము మద్యము పేరు జూనిపరు అను చెట్టు కాయ పేరునుండి వచ్చినది. పత్తి జిన్నునకు ఈ రెంటితోను చుట్టరికము లేదు. లాటిను భాషలో ‘ఇంజీనియం’ అనగా పుట్టుకతో వచ్చిన తెలివి. అది ఫ్రెంచి భాషలో యుక్తి యనియు, యుక్తితో చేసిన సాధన మనియు అర్థము గాంచి, ఇంగ్లీషున ‘ఇంజను’ అయ్యెను. ఇంజను మొదటి యక్షరము జారిపోగా మిగిలినదే జిన్ను. కాబట్టి ఆదోనిలో పత్తిని విడదీయు జిన్నును, కోసిగి మీదుగా రైలును లాగు ఇంజనును ఒక తల్లి బిడ్డలే. మద్రాసు వైపు పట్టాలును బొంబాయి వైపు పట్టాలును 1871లో రాయచూరున కలిసినవి. ఆ దారిలోనివే ఈ రెండు స్టేషనులును.

జిన్ను చేయు పని యొక్కటే: దూదిని గింజనుండి విడదీయుట. మన భాషలో ఆ పనికి ముందున్నది పత్తి, తరువాతిది దూది. తెలిసియో తెలియకయో మనము యంత్రపు ఇరుప్రక్కలకును వేరువేరు పేర్లు పెట్టుకొంటిమి! పూర్వము ఈ పని యింటనే జరిగెడిది. దగ్గరగా బిగించిన రెండు కఱ్ఱ రోళ్లు ఎదురెదురుగా తిరుగుచుండగా, స్త్రీలు వాని నడుమ పత్తి నందించెడివారు. దూది ఆవలికి పోవును. గింజ దూరలేక ఈవలనే రాలును. రోళ్ల కొనలయందు మరచుట్లవలె చెక్కిన పండ్లుండుటచే, ఒకదానిని త్రిప్పినచో రెండవది తనంతట వ్యతిరేకదిశను తిరిగెడిది.

అమెరికాలో ఇలై విట్నీ 1794లో పేటెంటు పొందిన జిన్ను వేరు విధమైనది. అందు తిరుగు దిమ్మకు నాటిన తీగ పండ్లు దూదిని సన్నని సందులగుండ లాగికొనును. గింజ ఇవతల నిలుచును. పని తేలికయైనది గదా, పనివారికి విశ్రాంతి దొరకెనని తలంతుము. జరిగినది వేరు. విడదీయుట సులభమైన కొలది పత్తి పండించు భూమి పెరిగెను. పెరిగిన భూమికి బానిసలను మరింతగా కొనితెచ్చిరి. 1790లో ఆ దేశమున బానిసలు దాదాపు 7 లక్షలు. 1860 నాటికి ఇంచుమించు 40 లక్షలు. చేనిలో పత్తి తీయుటకు స్త్రీయు, పసిబిడ్డయు వంగవలసివచ్చెను. ఇందుకు యంత్రమునే నిందించుట న్యాయము కాదు గాని, యంత్రము వచ్చినంతనే కష్టము తీరునని నమ్ముటయు తెలివి కాదు.

మన దేశమున ఎక్కువగా నున్నవి రంపపు జిన్నులు కావు, రోళ్ల జిన్నులు. 1840లో మెకార్తీ అను నతడు పేటెంటు పొందిన పద్ధతి వానికి మూలము. గరుకైన తోలు రోలు దూదిని పట్టి, ఒక కత్తియంచు క్రిందుగా లాగును. ఆడుచుండు మరియొక కత్తి గింజను తట్టి త్రోసివేయును. దూదిపోగు తెగుట తక్కువ. పత్తి తూకమున మూడవవంతు మాత్రమే దూదిగా వచ్చును, తక్కినదాదాపంతయు గింజ. అది నూనెకును పశువులకును పోవును.

వాడుకలో ‘జిన్ను’ అన్నచో ఆవరణ మంతయు నని జనులు తలచుదురు. కాని విడదీయుట జిన్నింగు, దూదిని 170 కిలోల బేలుగా బిగించుట ప్రెస్సింగు, గడ్డకట్టిన దూదిని చీల్చి విప్పునది ఓపెనరు. ఈ భేద మెందుకందురా? 1948 నాటి ఫ్యాక్టరీల చట్టపు 27వ సెక్షను, పత్తిని ప్రెస్సు చేయు ఫ్యాక్టరీలో ఓపెనరు నడచుచున్న భాగమున స్త్రీలను పనికి బెట్టరాదని చెప్పెను. పత్తి వేయు కొనకును, అది వెలువడు కొనకును నడుమ గోడ యున్నప్పుడు మాత్రము, వేయు కొన వైపున పనిచేయనిచ్చెను. అనగా స్త్రీ యెచ్చట నిలువవచ్చునో ఒక యంత్రపు పేరు తేల్చినది. నడచుచున్న శక్తియంత్రములను, ఇరుసులను, పటకాలను తుడువను నూనెవేయను స్త్రీలకు పని యిడరాదని 22వ సెక్షను చెప్పెను. చీరకొంగును, జడను పటకా పట్టినచో విడువదు. అవ్వ మాటలోని రెండవ సగ మిందువలననే నిలువదు. దూదిధూళియు అట్టిదే. ఏండ్ల తరబడి పీల్చినవారికి రొమ్ము బిగించి ఊపిరి ఆడని వ్యాధి కలుగును; దానిని బిస్సినోసిస్ అందురు. సెలవు దినము గడచి తిరిగి పనికి పోయిననాడు అది మొదట హెచ్చుగా తోచును. అట్లు తోచినచో జలుబని యూరకుండక వైద్యునకు చూపవలెను.

చేనిలో పత్తి తీయు సోదరీమణులకును జిన్నుతో పని కలదు. మంచు ఆరకముందు తీసిన పత్తి తడితో గడ్డకట్టి రోళ్లకు సరిగా పట్టదు; తేమ నూటికి 8 పాళ్లు మించినకొలది ధర తగ్గించుట మార్కెటు ఆనవాయితి. తలకు గుడ్డ కట్టుకొనుటయు ఎండకు మాత్రమే కాదు. పత్తిలో రాలిన వెండ్రుకను గాని, ప్లాస్టిక్ సంచి పోగును గాని జిన్ను ఏరజాలదు. అది దూదితో బేలులోనికి, బేలునుండి నూలులోనికి పోయి, తుదకు ఎమ్మిగనూరు మగ్గముమీద నేసిన బట్టలోనైనను రంగు పట్టక గీతవలె బయటపడును.