మామగారి జావా, మన చింతపండు



ఇత్తడి బిందెకి చింతపండు ఎందుకో మనకి ఎవరూ నేర్పక్కర్లేదు. అదే పులుపు మోటారుసైకిలు తుప్పు కూడా వదిలిస్తుందంటే మాత్రం మా ఇంట్లో మగవాళ్ళు నవ్వారు.

మా మామగారి జావా బండి పదిహేనేళ్ళుగా మెట్లకింద పడివుంది. పాత సామాన్లవాడికి ఇచ్చేద్దామన్నారు మావారు. అత్తగారు ఏమీ అనలేదు, వెళ్ళి దానిమీద గోనెపట్టా మళ్ళీ సర్ది వచ్చారు. ఇక అబ్బాయీ నేనూ పూనుకున్నాం. ఆ బళ్ళు చేసిన మైసూరు ఐడియల్ జావా కంపెనీ 1996లోనే మూతపడింది. కనక తుప్పు పట్టిందని దేన్నీ పారెయ్యడానికి లేదు.

ఇనుము, గాలిలోని ఆమ్లజని, తేమ కలిస్తే తుప్పు. పులుపు దాన్ని కరిగిస్తుంది. చింతపండు అయితే గుజ్జంతా అంటుకుంటుంది, కిరాణాకొట్లో దొరికే నిమ్మ ఉప్పు మేలు. లీటరు నీళ్ళకి 50 గ్రాములు చాలు. నట్లు, బోల్టులు వగైరా ఇనప సామాను ముందు డీజిలుతో తుడిచి, సబ్బునీళ్ళతో కడగండి. జిడ్డున్నచోట పులుపు పనిచెయ్యదు. తర్వాత ప్లాస్టిక్ బకెట్లో నానేసి, గంటకోసారి తీసి బ్రష్షుతో రుద్ది చూడండి. రెండ్రోజులు మర్చిపోయారా, తుప్పుతో ఆగదు, మంచి ఇనుమునీ తింటుంది. స్ప్రింగులు మాత్రం అందులో వెయ్యొద్దు. అప్పుడు పుట్టే ఉదజని గట్టి ఉక్కులోకి దూరి పెళుసు చెయ్యొచ్చు.

తీశాక వంటసోడా నీళ్ళలో ముంచి, కడిగి, వెంటనే ఆరబెట్టి నూనె రాయాలి. మేం మొదటిసారి "అన్నం తిని చూద్దాంలే" అనుకున్నాం. వచ్చేసరికి బోల్టులన్నీ పసుపు రాసినట్టు మళ్ళీ తుప్పెక్కి కూచున్నాయి!

అల్యూమినియం సంగతి వేరు. ఇంజను పక్కమూతని నేనే బట్టల సోడా కలిపిన వేణ్ణీళ్ళలో పెట్టాను, జిడ్డు పోతుంది కదా అని. నల్లబడిపోయింది. సోడా అల్యూమినియాన్ని తినేస్తుంది. గిన్నెల విషయంలో చూసిందే అయినా ఆ వేళకి తోచలేదు. మెటల్ పాలిషు పెట్టి మూడు మధ్యాహ్నాలు రుద్దితేగాని తేరుకోలేదు. దానికి ఉత్త సబ్బునీళ్ళే మంచివి.

టాంకు పక్కల మెరిసే క్రోమియం పూతమీద గరుకు కాగితం పెట్టకండి. చపాతీలు చుట్టే అల్యూమినియం కాగితాన్ని ఉండచేసి, నీళ్ళలో తడిపి మెల్లిగా రుద్దితే తుప్పు చుక్కలు పోతాయి. పూతే లేచిపోయినచోట మళ్ళీ వేయించాల్సిందే.

ఒక్కటి గట్టిగా చెబుతాను. పెట్రోలు తీసేసినా టాంకులో దాని ఆవిరి ఉంటుంది. దాన్ని పొయ్యి ఉన్న వంటింట్లోకి తేకండి. బాత్‌రూము యాసిడ్‌ని బ్లీచింగు పౌడరుతో ఎన్నడూ కలపకండి, విషవాయువు వస్తుంది.

మా బండి ఇంకా స్టార్టు కాలేదు. కార్బొరేటరు విప్పాలి. తాళంచెవికున్న ఇత్తడి రింగుని మాత్రం అత్తగారు నిన్న ఎవరికీ చెప్పకుండా చింతపండుతో తోమి, మేకుకి తగిలించారు.