వరికి అగ్గి తెగులు: మెడ విరగక ముందే మందు చల్లాలి

నెల్లూరు: సంక్రాంతి దాటేసరికి పెన్నా డెల్టా చేలల్లో వరి పొట్ట మీదికి వస్తుంది. రాత్రి చలి, తెల్లవారుజామున ఆకు మీద నిలిచే మంచు, పగలు విడవని మబ్బు. వరికి అగ్గి తెగులు సోకడానికి ఇంతకన్నా అనుకూలమైన రోజులు వుండవు. ముఖ్యంగా యూరియా మీద యూరియా వేసి నల్లగా పెంచిన చేలనే ఈ తెగులు ముందుగా పట్టుకుంటుంది. 1919లో తంజావూరు డెల్టాలో వరి పంటను ఊడ్చిపెట్టింది ఈ తెగులే.

తెగులు ఆకు మీద వుండగానే రైతు కనిపెట్టాలి. నూలుకండె ఆకారంలో మచ్చలు పడతాయి. అంచు ముదురు గోధుమ రంగులోను, నడుమ బూడిద రంగులోను వుంటుంది. మచ్చలు కలిసిపోతే చేను నిప్పంటించినట్లు కనిపిస్తుంది. అగ్గి తెగులు అనే పేరు అందుకే వచ్చింది. ఆకు తెగులు కొంతవరకు కోలుకుంటుంది గాని, అదే శిలీంధ్రం కంకి మెడకు సోకితే మెడ నల్లబడి విరుగుతుంది, గింజ పాలు పోసుకోక తాలుగా మిగులుతుంది. ఆ తర్వాత ఎంత ఖరీదైన మందు చల్లినా ఆ కంకి నిండదు.

చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. తెల్లగా ఎండిన కంకి కనిపించగానే కాండం తొలిచే పురుగు అనుకుని పురుగు మందు తెచ్చి కొడతారు. కంకిని పట్టి పైకి లాగి చూస్తే సంగతి తేలిపోతుంది. పురుగు కొట్టిన కంకి సులువుగా ఊడి వస్తుంది, కాండం లోపల కొరికిన గుర్తు వుంటుంది. అగ్గి తెగులైతే కంకి అలా ఊడి రాదు, మెడ దగ్గర నల్లటి మచ్చ కనిపించి అక్కడే విరుగుతుంది. ఇది చూడకుండా మందుల దుకాణానికి వెళితే, చేను చూడని వ్యాపారి తన దగ్గర వున్న డబ్బా చేతికిస్తాడు. అప్పు రైతు ఖాతాలో పడుతుంది.

అగ్గి తెగులుకు ఎక్కువగా వాడే మందు ట్రైసైక్లజోల్ 75 శాతం పొడి. లీటరు నీటికి 0.6 గ్రాములు, అంటే ఎకరాకు 200 లీటర్ల నీటిలో 120 గ్రాములు. ఈ మందు పనిచేసే తీరు తెలిస్తే ఎప్పుడు చల్లాలో ఎవరూ చెప్పనక్కరలేదు. శిలీంధ్రం ఆకును పొడుచుకుని లోపలికి దిగడానికి ఒక నల్లని రంగు పదార్థాన్ని తయారు చేసుకుంటుంది. ట్రైసైక్లజోల్ ఆ రంగును పుట్టనివ్వదు, అందువల్ల శిలీంధ్రం లోపలికి దిగలేదు. అప్పటికే లోపల పాకిన దానిని మాత్రం ఇది పెద్దగా ఆపలేదు. కనుక ఆకు మీద మచ్చలు కనిపించిన చేలో పొట్ట చివరి దశలో ఒకసారి, వాతావరణం మబ్బుగా వుంటే కంకులు బయటికి వస్తున్నప్పుడు మరోసారి చల్లాలి. దీనికి బదులు ఐసోప్రోథయోలేన్ లీటరుకు 1.5 మిల్లీలీటర్లు గాని, కాసుగామైసిన్ 2.5 మిల్లీలీటర్లు గాని వాడవచ్చు. ఏటా ఒకే మందు కొట్టకుండా మార్చి వాడటం మేలు. రెండు మూడు మందులు కలిపి ఒకే డబ్బాలో పోసే అలవాటు మాత్రం మానుకోవాలి.

నీటిమట్టం దగ్గర మొదలై, పాము ఒంటి మీది పొడల మాదిరి మచ్చలతో పైకి పాకేది పాముపొడ తెగులు. దానికి ట్రైసైక్లజోల్ పనికిరాదు. హెక్సాకొనజోల్ గాని, వాలిడామైసిన్ గాని లీటరుకు 2 మిల్లీలీటర్లు కలిపి దుబ్బుల మొదళ్ళు తడిసేలా చల్లాలి.

ఆకు అంచుల వెంట పసుపుపచ్చగా మొదలై ఎండుతూ వస్తే అది బ్యాక్టీరియా ఎండాకు తెగులు కావచ్చు. ఆకు ముక్క కోసి గాజు గ్లాసు నీళ్ళలో వేలాడదీస్తే, కొద్ది నిమిషాల్లో కోసిన చోటు నుంచి తెల్లని ద్రవం పొగ మాదిరి దిగుతుంది. అలా దిగితే శిలీంధ్రపు మందులకు పెట్టే డబ్బు దండుగే. యూరియా ఆపి, చేలో నీరు తీసివేయాలి.

రకం ఎంపిక కూడా మందుతో సమానమే. 1986లో బాపట్ల నుంచి వచ్చిన సాంబ మసూరికి బియ్యం రుచిలో పేరున్నా, అగ్గి తెగులుకు అది తేలిగ్గా లొంగిపోతుంది. నెల్లూరు పరిశోధనా స్థానం నుంచి వచ్చిన ఎన్.ఎల్.ఆర్. 34449 ఈ తెగులును తట్టుకునే రకంగా పేరు పడింది. సాంబ మసూరే వేయదలచిన రైతు మందు ఖర్చును ముందే లెక్కలో వేసుకోవలసి వుంటుంది.

మెడ విరిగిన చేలో గింజలను విత్తనానికి దాచరాదు. కొత్త విత్తనమైనా సరే, మెట్ట నారుమడికి కిలోకు 3 గ్రాముల కార్బెండజిమ్ పట్టించి చల్లుకోవాలి. దంప నారుమడికైతే లీటరు నీటికి 1 గ్రాము చొప్పున కలిపి, అందులో కిలో విత్తనాన్ని 24 గంటలు నానబెట్టి మండె కట్టుకోవాలి.